దానమ్మ కాసిన వరుస

ఆదోనిలో ఆ పత్తి జిన్ను కూలీల వీధికంతా ఒకటే కొళాయి. నీళ్లు పొద్దున గంటసేపు వస్తాయి, అదీ కొళాయికి మనసైతే. అందుకని ఎవరి వంతుకు వాళ్లు ఒక రాయి పెట్టి ఇంటి పనికి పోవడం ఆ వీధి ఆచారం. రాయికి కాళ్లు లేవు కానీ దాన్ని జరిపే చేతులకు అక్కడ కరువు లేదు. అందుకే దానమ్మ కావలసి వచ్చింది.

దానమ్మది హాలహర్వి వైపు పల్లె. మొగుడు పౌలు పత్తి బేళ్లు మోసేవాడు, తను జిన్నులో పత్తి ఏరేది. చదువు లేదు, ఆస్తి లేదు. ఉన్నదల్లా నోరు, ఆ నోటికి తగ్గ న్యాయం. వెనక కరువు ఏడాది ఆ పల్లెలో గంజి పోసేచోట మునసబు తమ్ముడు వరుస మధ్యలో దూరితే, భుజం పట్టుకుని చివరికి నడిపించింది.

"మునసబు ఆకలికి వేరే వరుస ల్యాదప్పా, యనక్కి పో" అంది.

ఆ మాట ఆమె కంటే ముందే ఆదోనికి చేరింది. అప్పటినుంచి కొళాయి దగ్గర వీధి ఆడవాళ్లంతా రాళ్లు పెట్టి, "చూస్తాండు మే దానమ్మా" అని నిశ్చింతగా పోయేవాళ్లు. ఇరవై రాళ్లకు ఒక్క దానమ్మ. ఏ రాయీ కదిలేది కాదు. ఊళ్లో పెద్దమనుషులకు చాలా బిరుదులుంటాయి, ఆమెకున్న పరువు మాత్రం ఇదొక్కటే.

అది యాభై అయిదో సంవత్సరం. ఎమ్మిగనూరులో పది రోజులు ఆడిన నాటకాల కంపెనీ ఆదోని వచ్చి తడికెలు కట్టింది. నేల టికెట్టు నాలుగణాలు. పక్కింటి ముత్తమ్మకు పద్యమంటే ప్రాణం. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్లకు నూలు కండెలు చుట్టే ఆమె అక్క ఆ నాటకం చూసివచ్చి, రాజు వేషగాడు రాగం ఎత్తుకుంటే ఊపిరి పీల్చడం మరిచిపోతామని చెప్పినప్పటినుంచి ముత్తమ్మకు నిద్ర పట్టడం లేదు. ఏం లాభం? జిన్ను కూత కూసి కూలీలు బయటపడేసరికి రోజూ నేల టికెట్లు అయిపోయేవి. చివరాఖరి ఆట దగ్గరికొచ్చింది, ఆ పూట కూలి పోయినా సరే వరుసకు పోదామని కొందరు అనుకుంటున్నారు.

అప్పుడు మేస్త్రీ గోవిందన్న దానమ్మను పిలిచాడు. పదేళ్లుగా ఆమె చేత పని చేయించుకున్న మనిషి. పౌలు కాలు విరిగినప్పుడు ఇంటికొచ్చి పలకరించిన మనిషి.

"ఆడోళ్ల కిటికీ కాడ జనం తక్కువుంటారు మే. మనిషికి రెండు టికెట్లు ఇస్తారు. నీకు నమ్మకమైనోళ్లను అయిదుగురిని తీసుకోని మద్యాన్నమే పో. తిరిగి తిరిగి నిలబడి కొనండి. దుడ్లు నేనిస్తా, కూలి పట్టుకోను. పొద్దుగూకినాక జిన్ను గేటు కాడ మనోళ్లకు అదే నాలుగణాలకు ఇద్దాం" అన్నాడు.

దానమ్మకు కళ్లు చెమర్చాయి. మేస్త్రీ అనేవాడికి కూలీల ముచ్చట పట్టడం ఆమె ఎన్నడైనా చూసిందా? వీధంతా తిరిగి చెప్పింది. "ఎవరూ వరుసకు పోవద్దండి. మీ టికెట్టు నా పూచీ" అంది. ముత్తమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

చివరి ఆట రోజు మధ్యాహ్నం ఆరుగురూ కొంగు ఒకసారి నెత్తిమీద, ఒకసారి భుజం మీద వేసుకుని, కిటికీ చుట్టూ గానుగెద్దుల్లా తిరిగారు. కొన్న టికెట్లన్నీ గోవిందన్న బామ్మర్ది బజారి చేతికి పోయాయి. వరుసలో వేరే జిన్నుల ఆడవాళ్లు కూడా కనబడితే దానమ్మ నవ్వుతూ పలకరించింది. వాళ్లకూ ఒక గోవిందన్న ఉన్నాడని ఆమెకు తట్టలేదు. కాసేపటికి కిటికీ మూసి, నేల అయిపోయిందన్నారు.

జిన్ను కూసింది. నాలుగణాలు చెంగున కట్టుకుని వీధంతా గేటు దగ్గరికి వచ్చింది. గోవిందన్న లేడు, బజారీ లేడు. చూసి చూసి అంతా తడికెల దగ్గరికి నడిచారు. అక్కడ టీ అంగడి ముందర బజారి టికెట్లు విసనకర్రలాగా విప్పి పట్టుకుని అరుస్తున్నాడు.

"నేల రూపాయి! నేల రూపాయి!"

రూపాయి అంటే ఆడకూలికి ఒక దినం కష్టం దాటిపోతుంది. తెల్ల చొక్కా వేసుకుని కుర్చీ టికెట్లవాళ్ల దారిలో నిలబడ్డ గోవిందన్న దగ్గరికి దానమ్మ పరుగెత్తింది.

"ఇదేందన్నా? నాలుగణాలంటివే!"

"నాలుగణాలు వరుసలో నిలబడినోళ్లకు మే. వీళ్లు నిలబడినారా?"

"నేను నిలబడితి గదన్నా!"

"నువ్వు కూలికి నిలబడితివి" అని నవ్వి, ఆమె చేతిలో ఒక టికెట్టు పెట్టాడు. "ఇదో, నీకు ఊరికెనే. పో, లోపల కూసో."

మన వేలితో మన కన్నే పొడిపించడం అంటే ఇదే. ఆమె వేలు పెట్టి గోవిందన్న పొడిచింది మాత్రం వీధి మొత్తం కన్ను. చేతిలో ఆ కాగితంతో వెనక్కి తిరిగేసరికి ముత్తమ్మ అన్నీ చూస్తూ నిలబడి ఉంది.

"నీకు ఎంత ముట్టింది మే?" అని అడిగింది ముత్తమ్మ, మెల్లగానే.

"దేవుని తోడు ముత్తమ్మా, నాకేం తెలీదు. ఇది నువ్వు తీసుకో. నువ్వు పోయి ఇను."

"వద్దులే. వరుసకు పోతామన్నోళ్లను పోనియ్యకపోతివి. ఇంగ నీ దానం ఏంటికి మాకు?"

ఆట మొదలైంది. రూపాయి పెట్టలేక జనం బయటే ఉండిపోయారు. బజారి ఎనిమిదణాలకు దిగాడు, ఆరణాలకు దిగాడు, అప్పటికి అందరికీ మనసు విరిగిపోయింది. లోపల నేల సగం ఖాళీ. బయట తడికె పక్కన ముత్తమ్మా, మిగతావాళ్లూ గుంపుగా కూర్చుని, కనబడని రాజు పద్యం విన్నారు. ఎవరైనా వస్తే జరిగి చోటిచ్చారు. దానమ్మ వచ్చినప్పుడు ఎవరూ జరగలేదు. టికెట్టు గుప్పిట్లో నలుపుకుంటూ ఆమె ఇంటికి పోయింది. కడుపు మండి ఏడ్చింది. గోవిందన్న మోసం చేసినందుకు సగం, ఆ మోసం తన ముఖం అడ్డం పెట్టుకుని చేసినందుకు సగం.

మరునాడు పొద్దున ఎప్పటిలాగే అందరికంటే ముందు కొళాయి దగ్గరికి పోయి కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి రాళ్లు పెట్టారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

చివరికి ముత్తమ్మ వచ్చింది. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చిన మనిషి, ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తూనే ఉంది. రాయి పెట్టింది. దానమ్మ అలవాటుగా, "పో మే, నేను చూస్తాంటా" అంది.

ముత్తమ్మ ఇంటివైపు ఒకసారి చూసింది. బిడ్డ గుక్కపట్టింది. అయినా కదలకుండా, తన రాయి పక్కనే గొంతుక్కూర్చుంది. అటు మిగతావాళ్లూ అంతే, ఎవరి రాయి పక్కన వాళ్లు.