వడకట్టని రంగు

కుక్కలంటే అద్దాలమ్మకు ప్రేమేమీ లేదు. పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాళ్లంతా మూగజీవాల సేవకే పుట్టారని ఉపన్యాసాలిచ్చేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. పద్దెనిమిదేళ్లుగా గాజు పలకల మీద రక్తపు చుక్క పరిచి, ఊదారంగు వేసి, మైక్రోస్కోపులో చూడడం ఆమె పని. ఆ పలకల వల్లే ఆ పేరు. ఆమె 'ఏమీ లేదు' అని రాస్తే డాక్టరు రెండో మాట అడగడు.

ఆ పొద్దున ఫారెస్టు గార్డు ఆరు నక్కల రక్తం తెచ్చాడు. బోనులో పట్టి, చెవి కొస గుచ్చి ఒక్కో చుక్క తీసి, ఒంటికి పట్టి రక్తం పీల్చే గోమార్లను పీకి సీసాలో వేసి, మళ్లీ వదిలేస్తారు. ఊళ్లోని కుక్కలూ బయటి నక్కలూ ఒకే గోమార్లను పంచుకుంటున్నాయి, వాటితో పాటు రక్తంలో బతికే పురుగులనూ పంచుకుంటున్నాయేమో తేల్చాలని ఆ సర్వే.

"జబ్బు నక్కలేనా?" అంది అద్దాలమ్మ.

"జబ్బా? కొరికినంత పని చేశాయి మేడమ్. నాకంటే అవే గట్టిగా ఉన్నాయి."

మొదటి పలక మీద ఎర్ర కణాల నిండా సన్నటి చుక్కలు. రంగు వడకట్టలేదు, చెత్త, అనుకుంది అలవాటుగా. నెల రోజులుగా రంగు సీసా అడుగున మడ్డి పేరుకుని ప్రతి పలకా ఇలాగే ఉంటోంది. అంతలో చెయ్యి ఆగింది. ఇవాళ వాడింది కొత్త సీసా. వడకట్టింది తనే.

మైక్రోస్కోపు మర మెల్లగా తిప్పింది. మడ్డి అయితే కణం పైన తేలుతుంది; కణం మసకైనప్పుడు అది తేటపడుతుంది. ఇవి కణంతో పాటే తేటపడి, కణంతో పాటే మసకబారాయి. లోపలే ఉన్నాయి. ఉంగరం, దానికో పక్క చుక్క. ఇన్నేళ్లూ జంటగా కనబడే పెద్ద రకం పురుగు కోసమే వెతికిన కన్ను ఈ పిల్ల రకాన్ని మడ్డి కింద జమకట్టింది.

నిన్న బొగ్గు పలక మీదా ఇవే చుక్కలు.

బొగ్గు వదిన కుక్క. వదినంటే మొగుడి అక్క. ఆ కుక్క వారం నుంచి తిండి ముట్టడం లేదు, చిగుళ్లు పాలిపోయాయి, ఉచ్చ డికాషన్ రంగు. "రక్తంలో ఏమీ లేదు వదినా, నేను చూశాను కదా" అని నిన్న ధీమాగా చెప్పింది. ఆ మాట పట్టుకునే డాక్టరు ఒట్టి కిడ్నీ జబ్బనుకుని మందులు రాశాడు. నక్క మోసుకు తిరిగేదాన్ని కుక్క మోయలేదు. ఇంకో రెండ్రోజులు తప్పుడు మందు మీద ఉంచితే బొగ్గు దక్కదు.

సింకు దగ్గరికి పరుగెత్తింది. 'ఏమీ లేదు' అనిపించుకున్న పలకలు సాయంత్రానికి సబ్బునీళ్ల తొట్టిలో పడాలి, కడిగి మళ్లీ వాడాలి. ఆ పద్ధతి పెట్టింది ఆమే. నిన్నటి పలకలు తళతళలాడుతూ ఆరుతున్నాయి.

"మరక మిగిలితే ఊరుకోనన్నారుగా" అంది ఆయా, మెప్పు కోసం చూస్తూ.

సూదీ రెండు పలకలూ జేబులో వేసుకుని రెండు వీధుల అవతలికి నడిచింది. నడక అనడానికి లేదు. వదిన తలుపు తీసి పైనుంచి కిందికి చూసింది.

"ఈ వేళప్పుడు వచ్చావంటే నీ ఉద్యోగమైనా ఊడుండాలి, మా తమ్ముడితో గొడవైనా పడుండాలి."

"బొగ్గు చెవి కావాలి వదినా."

"నిన్న కాలు గుచ్చావు, ఇవాళ చెవా? మొత్తం ఒకేసారి పట్టుకుపోరాదూ?"

"నిన్న నేను తప్పు చూశాను."

పదకొండేళ్లలో మరదలి నోట ఆ మాట వదిన వినలేదు. "ఏదీ, మళ్లీ అను."

"తప్పు చూశానన్నాను. ముందు కుక్కను పట్టుకోండి."

బొగ్గు స్నానాల గది చల్లటి నేల మీద పడి ఉంది. సూది దిగినా చెవి విదల్చలేదు. రక్తం నీళ్లలా జారింది. వదిన వేళాకోళం అక్కడితో ఆగిపోయింది.

ల్యాబులో చూస్తే పలక మీద ఎటు చూసినా ఉంగరాలే. మధ్యాహ్నానికి డాక్టరు మందు మార్చాడు. "ఈ చిన్న రకం మొండిది. చూద్దాం" అన్నాడంతే.

మూడో రోజు వదిన ఫోన్ చేసింది. "రెండు బిస్కెట్లు తిన్నాడు. మూడోది నా చేతిలోంచి లాక్కున్నాడు. నువ్వు తప్పు ఒప్పుకున్నావని మా తమ్ముడికి చెప్పాను, నమ్మట్లేదు."

అద్దాలమ్మ నవ్వింది. అయినా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. ఎదురుగా రిజిస్టరు. నెల రోజుల మడ్డి రంగు. ముప్పై ఏడు కుక్కల పక్కన తన చేతిరాతతో 'ఏమీ లేదు'. ఒక్క పలకా మిగల్లేదు.

"ఎవరూ అడగలేదుగా మేడమ్" అంది ఆయా.

"అడగరు. నేను చూశానన్నానుగా."

మొదటి నంబరు నొక్కింది. "పశువుల ల్యాబు నుంచండీ. మీ కుక్క ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఏం?"

"చెవి గుచ్చాలి. ఇంట్లోనే ఉండండి, వస్తున్నాను."

రెండో నంబరు మోగి మోగి ఆగిపోయింది. సూదుల డబ్బా సంచిలో వేసుకుంటూ, నిలబడే మళ్లీ నొక్కింది.