లోపల మడిచిన గుడ్డ

గాంధీపురంలో ఒక బట్టల షోరూము మెట్ల పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చుంటుంది మా పక్కింటి రుక్మణి. ఆవిడకు గట్టిగా వచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే, ఆల్టర్. జనం దాన్ని ఎన్ని రకాలుగా వాడతారో ఆవిడనే అడగాలి. లావైనవాళ్ళకు వదులు చెయ్యడం ఆల్టర్, చిక్కినవాళ్ళకు బిగించడం ఆల్టర్. జిప్పు ఊడినా, ప్యాంటు పొడుగైనా, అద్దం ముందు తమ మొహం తమకే నచ్చకపోయినా ఆల్టరే. తప్పెప్పుడూ బట్టదే, తిన్నవాళ్ళది కాదు! చూసే నాకే విసుగు. రుక్మణి విసుక్కోదు. విసుక్కునే ఓపిక కూడా మిగల్లేదు పాపం.

ఈ పని నేర్పింది ఆవిడ అన్న గోవిందన్. బోడినాయకనూరులో ఏలకుల తోటలకు వెళ్ళే ఆడవాళ్ళకు రవికలు కుడతాడు. కుట్టు లోపల గుడ్డ మిగల్చకపోతే చెల్లెలి వేళ్ళమీద స్కేలుతో ఒక్కటి వేసేవాడట. "లోపల గుడ్డ ఉంటేనే రేపు విప్పి సరి చేసేదానికి అవుతాది" అని.

అలాంటి అన్న మాటలు మానేశాడు. రుక్మణి కూతురు కార్తీక ఇంకా బడికి పోతున్నప్పుడే తన కొడుక్కి అడిగాడు. మేనరికం వాళ్ళలో మామూలే. పిల్లను చదువుకోనీ అంది రుక్మణి. మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

ఇప్పుడు కార్తీకకు వేరే ఇంట్లో పెళ్ళి కుదిరింది. మేనమామ తెచ్చిన చీర, రవిక కట్టుకునే పిల్ల పీటల మీద కూర్చోవాలి. మామ రాకపోతే వరసైనవాళ్ళెవరైనా ఆ బట్టలు పెట్టొచ్చు. కానీ రుక్మణికి కావలసింది బట్టలు కాదు, అన్న. ఫోను చేస్తే "ఊఁ" అని పెట్టేశాడు. వస్తాడో రాడో తెలియక ఆవిడ సగమైపోయింది.

పెళ్ళి ముందు రోజు మధ్యాహ్నం గోవిందన్ సంచీతో వాకిట్లో నిలబడ్డాడు. పువ్వులు కడుతున్న నేను కూడా లేచి నిలబడ్డాను. చీర తెచ్చాడు, రవిక తన చేత్తోనే కుట్టి తెచ్చాడు. కార్తీక లోపలికెళ్ళి వేసుకోబోయి, అలాగే చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది. మోచేయి కూడా దాటలేదు. అతను చివరిసారి చూసిన బడిపిల్ల కొలత అది.

"మామకు నేనింకా యూనిఫాంలోనే ఉండాను" అని నవ్వబోయింది పిల్ల. ఎవరూ నవ్వలేదు.

గోవిందన్ మొహం మాడిపోయింది. "నాకెట్ల తెలుస్తాది కొలత? బిడ్డను చూసినానా ఏమన్నా? విడు, షోరూములో వేరేది కొనుక్కోండి." సంచీ అందుకుని గడపవైపు తిరిగాడు.

రుక్మణికి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఒళ్ళు సహకరించలేదు. అలవాటు కొద్దీ రవిక తిరగేసింది. పక్క కుట్టు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. లోపల గుడ్డ మందంగా మడిచి ఉంది. చేతులకూ అంతే, వీపుకూ అంతే. ఏ దర్జీ వదలనంత గుడ్డ.

"ఇంత ఏమిటికి వదిలినావన్నా?"

"పెరిగి ఉంటాది కదా" అన్నాడు గోడకేసి చూస్తూ. "ఎంతనేది తెలీలేదు."

రుక్మణి రవికనూ బ్లేడునూ అతని చేతిలో పెట్టింది. "నాతో అవలేదన్నా. ఈ ఒక్కటి నువ్వే చెయ్యి."

అతను సంచీ దించి, ఇంట్లో మూలనున్న, ఒకప్పుడు తనే ఇచ్చిన పాత మిషను ముందు కూర్చున్నాడు. రుక్మణి గోడకు ఆనుకుంది. తన కాళ్ళు ఆడించకుండా మిషను చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. రవిక వేసుకుని, కొలత సరిపోయిందా అని అడగడానికి కార్తీక వచ్చేసరికి, వాళ్ళమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.