బాలింత సోలెడు

1944 ఎండాకాలంలో పాలమూరులోని ఒక చిన్న జనానా దవాఖానలో నర్సుగా చేరాను. అప్పుడు నలుగురిలో నోరు విప్పాలంటే నాకు బెరుకు. ఏదైనా కాగితం మీద రాసుకోవడమే తేలిక. అక్షరం కుదురుగా ఉందని డాక్టరమ్మ మొదటి వారంలోనే నాకొక పని అప్పగించారు. అంతవరకు వంటింటికి సరుకులు మానికలతో, సోలలతో కొలిచి ఇచ్చేవారు. యుద్ధకాలపు కొరత వల్ల ఇకమీదట గోదాం నుంచి అన్నీ తూకంలోనే వస్తాయి. కాబట్టి ఒక్కో రోగికి పడే కొలతను తులాల్లోకి మార్చి పట్టిక రాయాలి.

పద్ధతి కష్టమైనది కాదు. ముందు ఖాళీ సోల బరువు చూసుకోవాలి. తర్వాత నింపి తూచి, ఆ బరువు తీసేయాలి. సోలెడు బియ్యం తూగినంత సోలెడు రవ్వ తూగదు, ఉప్పయితే ఇంకా ఎక్కువ తూగుతుంది. అందుకే ఏ దినుసుకు ఆ దినుసే విడిగా తూచాలి.

వంట చేసే మరియమ్మ కొలిచి ఇస్తుంటే నేను తూచాను. "ఏం బిడ్డా, రేపటి సంది నన్ను గూడ గీ తరాజుల కూసోబెడ్తరా?" అని నవ్వింది. గోదాం గుమాస్తా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె ప్రతి సోలనూ అరచేత్తో తలకొట్టి, అంచుకు సమంగా చేసి ఇచ్చింది. సోలెడు బియ్యం పద్దెనిమిది తులాలు తూగింది. అదే రాశాను.

పట్టిక అమల్లోకి వచ్చాక, కాన్పు వార్డులో నీలమ్మ ఖాళీ కంచం నా ముందు పెట్టింది. కొల్లాపూర్ దగ్గరి పల్లె ఆమెది. కాన్పులో రక్తం చాలా పోయింది. పాలు చాలక బిడ్డ ఏడుస్తున్నాడు.

"చెల్లే, మొన్నటిదాంక గింతకంటె ఎక్కువ పెడ్తుండె. జర చెప్పరాదూ?"

వంటింట్లోకి వెళ్లి, ఎవరూ లేనప్పుడు మరియమ్మను బాలింతకు కొలిచినట్టే మళ్లీ కొలవమన్నాను. ఆమె సోల నింపి, గింజలు జారేదాకా పైన కుప్ప పోసింది. ఇరవై రెండు తులాలు తూగింది.

"బాలింతకు తలగొట్టి పెడ్తరా ఎవలన్న? పాలు గుంజెటోడు ఒకడు లేడా?" అంది. మరి ఆ రోజు ఎందుకు కొట్టావని అడిగితే గొంతు తగ్గించింది. "గా గుమాస్తా సారు గుడ్లప్పగించి సూస్తుండె. ఎక్కువ పోస్తే దొంగనంటడని బుగులైంది."

ఇరవై రెండు అని కాగితం మీద రాసుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాను. గుమాస్తా అక్కడే ఉండి, అది చూశాడు. "సోలకు పద్దెనిమిదని మీరే రాస్తిరి గదమ్మా, మల్ల ఇదేంది?" అన్నాడు. తరాజు, సోల తెప్పించి బల్ల మీద పెట్టాను. మరియమ్మను పిలిచి, అందరి ముందూ నీలమ్మకు కొలవమన్నాను. ఆమె నా ముఖం చూసింది. నేను తల ఊపాను. కుప్ప పోసింది.

తూకం మళ్లీ ఇరవై రెండే వచ్చింది. అందరి చేతిలో కుప్ప ఒకేలా ఉంటుందా అని డాక్టరమ్మ అడిగారు. ఉండదన్నాను. అయితే బాలింతల వరుసలో సోల ప్రస్తావనే తీసేసి, ఇరవై రెండు తులాలు అని రాయమన్నారు. ఆ పూట నీలమ్మ నిండుగా తిన్నది. ఆమె ఇంటికి పోయే నాటికి బిడ్డ పాలు తాగి, రొమ్ము దగ్గరే నిద్రపోతున్నాడు.

తర్వాత చాలా దవాఖానల్లో ఇలాంటి పట్టికలు చేశాను. కొలత తలకొట్టిందా, కుప్పపోసిందా అన్నది మొదట అడిగేదాన్ని. కొలిచే మనిషికి భయం ఉన్నప్పుడు తీసిన తూకం, తరాజు ఎంత సరిగా ఉన్నా, పనికిరాదు.