జర్మన్లు లేని చోట జర్మన్: మా రవూఫ్ సాబ్

గత శుక్రవారం ఉదయం కంపెనీ క్యాంపులో బట్టలు ఆరవేస్తుండగా కూలీ రాజయ్య వచ్చి, "అన్నా, రవూఫ్ సాబ్ పోయిండు" అన్నాడు. వాళ్ళ ఊరి మాటలో పోవడమంటే వెళ్ళడమే గనుక, "ఎక్కడికి?" అని అడిగాను. రాజయ్య నేలమీద కూలబడి ఏడ్చాడు. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని తన గదిలో, తెల్లవారుజాము నమాజుకు లేచిన మనిషి గుండె ఆగి ఒరిగిపోయారట. ముందు రోజు సాయంత్రం నాతో చాయ్ తాగిన సౌజన్యమూర్తి ఇక లేరన్న మాట నా మనసుకు ఇంకా ఎక్కడం లేదు.

జగిత్యాలలో పుట్టి, హైదరాబాదులో యంత్రవిద్య చదివి, వియన్నాలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన అబ్దుల్ రవూఫ్ గారు మా కంపెనీ దుబాసీ. చమురు ధర పెరిగి ఖతర్ అంతటా కట్టడాలు లేస్తున్న ఈ రోజుల్లో, మా కర్మాగారం పనికి ఐరోపా నలుమూలల నుంచీ నిపుణులు వచ్చారు. ఇంజనీరు హంగరీవాడు. మట్టి తవ్వే యంత్రం నడిపేది యుగోస్లావియావాడు. కొలతలు చూసేది ఇటలీ ఉత్తరపు కొండల మనిషి. వారిలో జర్మనీవాడు ఒక్కడూ లేడు. అయినా వారందరినీ కలిపింది జర్మన్ భాషే.

కాకినాడ నుంచి టైపిస్టుగా వచ్చిన నాకిది వింతగా తోచింది. "జర్మన్లే లేనప్పుడు జర్మన్ ఎందుకండీ?" అని అడిగాను.

రవూఫ్ సాబ్ నవ్వారు. "హంగరీ సాబ్ తాతలు వియన్నా రాజు కింద బతికిన్రు, ఇంట్ల ఆ చదువు నిలిచింది. యుగోస్లావియాయన బతుకుదెరువుకు జర్మనీ పోయి నేర్చిండు. ఇటలీ ఆయన కొండలల్ల అందరి ఇంటి మాట గదే, ఆయనకు అమ్మ నేర్పింది. ఎవరి తొవ్వల వాళ్ళొచ్చి ఒక్క బాయికాడ నీళ్ళు తాగుతున్నరు."

తిట్లను ఆయన ఏనాడూ అనువదించలేదు. స్విట్జర్లాండ్ ఫోర్‌మన్ ఒకడు కూలీలమీద చాలాసేపు విరుచుకుపడితే, "సాబ్‌కు కోపమొచ్చింది. గోడ వంకర పోయింది, చూసుకోన్రి" అని ముగించారు. "గంత సేపు గింతేనా అన్నడు?" అని కూలీలు నవ్వారు. "పనికొచ్చేది గింతే" అన్నారాయన.

పోలండు నుంచి వచ్చిన స్టానిస్లావ్ అనే పెద్దమనిషి ఒక్కడు మాత్రం జర్మన్‌లో పలకరిస్తే ముఖం తిప్పుకునేవాడు. పొగరని మేమందరం అనుకున్నాం. రవూఫ్ సాబ్ ఎలాగో సంగతి తెలుసుకుని మమ్మల్ని మందలించారు. "యుద్ధంల ఆ భాషతోని అరుసుకుంటనే ఆయన నాయన్ను ఇంట్లకెల్లి గుంజుకపోయిన్రు. గిప్పుడు మనం గదే భాషల సలాం చెప్తే ఎట్ల పలుకుతడు?" ఆనాటి నుంచి రవూఫ్ సాబ్ ఆయనతో జర్మన్ మాట ఎత్తలేదు. పోలిష్‌లో రెండు పలకరింపులు నేర్చుకుని, ప్రతి ఉదయం వాటినే చెప్పేవారు.

వేసవి మొదట్లో పైపుల కందకం విరిగిపడి రాజయ్య ఛాతీ దాకా ఇసుకలో కూరుకుపోయాడు. ఇంజనీరు తొందరపెట్టగా తవ్వే యంత్రం ముందుకు కదిలింది. తన దేశంలో గనుల్లో పనిచేసిన స్టానిస్లావ్ చేతులు అడ్డంగా చాచి పోలిష్‌లో అరిచాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అప్పుడు జర్మన్‌లో అరిచాడు. యంత్రం ఆగింది. దగ్గరికొస్తే ఆ బరువుకు గట్టు మొత్తం విరుగుతుందట. పలకలు అడ్డుపెట్టి చేతులతో తవ్వాలట. స్టానిస్లావ్ ఒక్కొక్క మాట చెబుతుంటే, కందకం అంచున బోర్లా పడుకున్న రవూఫ్ సాబ్ దాన్ని తెలుగులో కిందికి అందించారు. "రాజయ్యా, కదలకు బిడ్డా. చేతులు పైకి పెట్టు. మెల్లగ ఊపిరి తీయ్. నేనున్న, ఈడనే ఉన్న."

రాజయ్య ప్రాణాలతో బయటికొచ్చాడు. అందరూ అతని చుట్టూ మూగితే, రవూఫ్ సాబ్ మాత్రం దూరంగా ఒంటరిగా కూర్చున్న స్టానిస్లావ్‌కు చాయ్ పట్టుకెళ్ళారు. ఆయన పక్కనే ఇసుకలో కూర్చున్నారు. తర్వాత నాతో అన్నారు: "భాష చేసిన గాయం పెద్దదే. ఇయ్యాల ఆయన మన పిలగాని కోసం ఆ గాయాన్ని తనే ముట్టుకున్నడు."

ఇంతటి భాషాజ్ఞానాన్ని ఇంతటి దయతో వాడిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఆ పుణ్యాత్మునికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

ఖననమైన సాయంత్రం రవూఫ్ సాబ్ గదికి ఐరోపా వాళ్ళంతా వచ్చారు. హంగరీ ఇంజనీరు నా చేయి పట్టుకుని జర్మన్‌లో చాలాసేపు ఏదో చెప్పాడు.

"ఏమంటున్నడన్నా?" అని రాజయ్య అడిగాడు.

అలవాటుకొద్దీ ఇద్దరం రవూఫ్ సాబ్ మంచం వైపు తిరిగాం.