సూబ్రాయన్ బాబాయి, ఆగని చక్రం

వెలిగే బల్బు కంటబడితే సూబ్రాయన్ బాబాయి చెయ్యి ఊరుకోదు. తనదా, పరాయిదా, దేవుడిదా అని చూడడు. టక్కున ఆర్పేస్తాడు. గ్రీన్‌వుడ్ పార్కు పేటలో ఆయన నడిచినంత మేరా చీకటి వెంట నడిచేది.

ఈ బాధ అందరికంటే ఎక్కువ పడ్డది రత్నకుమారి. ఉన్నది ఒకే అద్దె ఇల్లు. ముందు వాటాలో బాబాయీ ఆయన భార్య వల్లీ, వెనక వాటాలో విజయనగరం నుంచి సముద్రం దాటి లెక్కల టీచరుగా వచ్చిన రత్నకుమారీ, ఆమె భర్త నాగభూషణమూ. మీటరు ఒక్కటే, బిల్లు చెరిసగం. ఆ ఒక్క మాట పట్టుకుని బాబాయి రెండు వాటాల స్విచ్చుల మీదా పెత్తనం సంపాదించాడు.

ఓసారి నాగభూషణం ఒంటినిండా సబ్బుతో ఉండగా స్నానాలగది చీకటైపోయింది.

"బాబాయిగారూ! లోపల నేనున్నాను!"

"ఉండు, ఎవురు వద్దన్నారు? నీ ఒళ్ళు ఎక్కడుందో నీకు తెల్దా, మెన్?" 'మెన్' ఆయన ఊతపదం.

ఉగాది భజనలో 'గోవిందా' అంటూ అందరూ కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి హాల్లో దేవుడు కూడా కనపడలేదు. "కళ్ళు మూసుకున్నాక లైట్ ఎందుకు కాలాల?" అని స్విచ్చు దగ్గర్నుంచి బాబాయి గొంతు. పూజారి చీకట్లోనే హారతి పళ్ళెం వెతుక్కున్నాడు.

వల్లీ పోయిన రోజూ అంతే. జనం ఏడుస్తూ వరండాలోకి వచ్చారో లేదో, అక్కడి బల్బు ఆరిపోయింది. ఒకరి చెప్పుల్లో ఒకరు కాళ్ళు పెట్టి, ఏడుపులోనే నవ్వు ఆపుకోలేక వెళ్ళారు. ఆమె తలదగ్గర దీపాన్ని మాత్రం ఆయన ముట్టుకోలేదు. నూనె తగ్గినప్పుడల్లా పోస్తూ కూర్చున్నాడు.

ఆ తరవాత ముందు వాటా పూర్తిగా నల్లబడింది. ఆ చీకట్లో ఆయన వల్లీ కుర్చీకి తగులుకుని, "సారీ, వల్లీ" అనడం గోడ ఇవతలికి వినిపించేది. రత్నకుమారి ఆయన్ని తిట్టుకోవడం మానేసింది. కానీ లెక్కల బుర్ర కదా, ఒక సందేహం తొలుస్తూనే ఉండేది. ఇంత చీకట్లో బతుకుతున్నా బిల్లు ఎందుకు తగ్గదు?

నల్లా తెల్లా తేడా లేకుండా దేశమంతా తొలిసారి ఓట్లేసిన తరవాత రెండో ఏడు బాబాయి ఇల్లు ఖాళీ చేశాడు. ఊరికి అటు చివర ఖర్వాస్తాన్ పేటలో ఉండే కూతురు వెనేశ్రీ తీసుకెళ్ళడానికి బక్కీ తెచ్చింది. సామాన్లన్నీ ఆ చిన్న ట్రక్కులోకి ఎక్కాయి.

చెరకుతోటల కూలీల బ్యారక్కుల్లో ఇల్లు మారేటప్పుడు పొయ్యి ఆర్పి, అది చల్లబడ్డాకే గడప దాటాలని బాబాయి వాళ్ళ అవ్వ నియమం. మన వేడి వెనకున్నవాళ్ళ మీద పడకూడదట. పొయ్యి పోయి మీటరొచ్చినా నియమం మారలేదు. పేటలో అద్దెకున్నవాళ్ళు ఎవరు ఖాళీ చేస్తున్నా బాబాయి వెళ్ళి అన్నీ ఆర్పించి, మీటరులో చక్రం ఆగాక, ఆ అంకె మీద ఆఖరి బిల్లు పంచి, అప్పుడే సాగనంపేవాడు. అలాంటిది తన వంతు వచ్చేసరికి, "పోదాం, పోదాం, టైం లేదు" అంటూ బక్కీ ఎక్కబోయాడు.

"చక్రం ఆగకుండానే?" రత్నకుమారి దారికి అడ్డం నిలబడింది. "అవ్వ ఊరుకుంటుందా బాబాయిగారూ?"

రెండు వాటాల్లో స్విచ్చులన్నీ తనే ఆర్పి వచ్చింది. చక్రం నత్తలా తిరుగుతూనే ఉంది.

"ఫ్రిజ్ అయ్యుంటాది," అన్నాడు బాబాయి.

"ఫ్రిజ్ బక్కీలో ఉంది, డాడీ," అంది వెనేశ్రీ.

"మీటర్ ముసిల్దైపోయింది. నాలాగే."

రత్నకుమారి ముందు వాటాలోని ఖాళీ వంటింట్లోకి వెళ్ళింది. కిటికీ మూలనుంచి సన్నని వైరొకటి బయటికి పాకింది. దాని వెంటే కంచె దాటి, వెనక స్థలంలోని రేకుల షెడ్డు దాకా నడిచింది. కిటికీ లేని షెడ్డు. లోపల ఒక్క బల్బు కింద నల్లజాతి అమ్మాయి తెంబిలె బడిపిల్లల గౌన్లు కుడుతోంది.

రత్నకుమారికి ఆమె తెలుసు. ఎన్నికల ముందు గొడవల్లో మొగుణ్ణీ ఇంటినీ ఒకే మంటలో పోగొట్టుకుని వచ్చిన మనిషి. కంచె మీదుగా రోజూ పలకరిస్తుంది. ఆ కిటికీ లేని కొంపలో ఎలా కుడుతున్నావని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఓటు ఇంటింటికీ వచ్చింది. ఆ షెడ్డుకు వైరు రాలేదు.

బాబాయి వెనకే వచ్చి తలొంచుకు నిలబడ్డాడు.

"వల్లీ తెచ్చి పెట్టింది ఈ పిల్లని. ఒక్క బల్బే, అమ్మా. నీ వంతు పెరక్కుండా అక్కడ ఆర్పినాను, ఇక్కడ ఎలిగించినాను. అంతే."

"ఒక్క మాట నాకు చెప్పకూడదా?"

"చెప్తే సరే అంటావు. కొత్తగా వచ్చినావు, మొగమాటం. మొగమాటం మీద బిల్లు కట్టించొచ్చా?" అని బల్బు వైపు చూశాడు. "ఇంక ముందు వాటాకి ఎవురొస్తారో. నేనే ఆపేసి పోవాల."

వైరు దగ్గరికి చెయ్యి చాచాడు. మిషను చప్పుడు ఆగింది. తెంబిలె బల్బును చూసి, బాబాయిని చూసి, కుడుతున్న గౌను మడత పెట్టసాగింది. ఊరందరి బల్బులూ ఆర్పిన ఆ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

"చెయ్యి తియ్యండి," అంది రత్నకుమారి. "రేపు ఈ వైరు మా వంటింట్లోంచి వేయిస్తాను."

"మరి నీ బిల్లు?"

"మా ఇంట్లో ఆర్పడానికి మనుషులు లేరా?"

బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. "హంబా కాష్‌లే, బాబా," క్షేమంగా వెళ్ళిరా నాన్నా అని తన భాషలో అంది తెంబిలె. మళ్ళీ మిషను మోగింది.

చక్రం తిరుగుతుండగానే ఇల్లు విడవడం ఆయన జన్మలో అదే మొదలు. బక్కీ మలుపు తిరుగుతుంటే గొంతు వినిపించింది.

"పట్టపగలు ముందు లైట్లెందుకు కాలాల, వెనేశ్రీ? ఆపు, మెన్!"

సాయంత్రం నాగభూషణం పేపరు చదువుతుంటే గది చీకటైపోయింది.

"బాబాయి ఇంకా వెళ్ళలేదా?" అని కేకేశాడు.

"లేదు," అంది రత్నకుమారి స్విచ్చు దగ్గర్నుంచి. "పేపరు వరండాలో చదువుకోండి. ఇంకా వెలుతురుంది."