ఎడమవైపు కిటికీ

మెన్నా కుదురుగా కూర్చోగా నాంట్‌వెన్ ఊళ్లో ఎవరూ చూడలేదు. ప్రార్థన మందిరంలో ప్రసంగం సాగుతున్నా ఆమె చేతిసంచీలో ఏదో ఒకటి తీసి సర్దుతూనే ఉంటుంది. బడి వంటింట్లో ఏళ్ల తరబడి పనిచేసిన రోజుల్లో పిల్లలు ఆమెకి, ఎప్పుడూ కుతకుతలాడుతుందని, కెటిల్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకి తెలుసు, కోపం కూడా రాలేదు. అలాంటి మనిషి బతుకులో పెంచుకున్న కోరిక ఒక్కటే, అదీ కూర్చోవడమే. రైల్లో, కిటికీ దగ్గర, మొగుడు పక్కనుండగా, ఒక్కసారి మొదటి స్టేషను నుంచి చివరి స్టేషను దాకా కూర్చోవాలి. పెళ్లై నలభై ఏళ్లు కావస్తోంది, ఆ ముచ్చట తీరలేదు.

రైళ్లు లేక కాదు. గనులు మూతపడ్డాక, పలకరాళ్లు మోసిన నారోగేజి రైళ్లని ఇక్కడ ఊళ్లవాళ్లే తుడిచి, నూనె పెట్టి, చూడవచ్చిన జనం కోసం నడుపుతున్నారు. లోయకో లైను, లైనుకో గొప్ప. అంతా జీతం లేని కొలువే. ఏ లైను మనిషి ఆ లైనుకే కట్టుబడి ఉంటాడు. పక్క లోయ రైలెక్కడమంటే అవతలి మందిరంలో కూర్చుని పాట పాడినట్టే. మెన్నా భర్త ఎమ్లిన్ ఈ పట్టింపులో అందరికంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. వారమంతా పాల లారీలు బాగుచేసేవాడు, ఆదివారం మందిరానికొచ్చేవాడు, శనివారం మాత్రం ఇంజనుది. ఊళ్లో అతన్ని ఇంటిపేరుతో ఎవరూ పిలవరు, బొగ్గు ఎమ్లిన్ అంటారు. పెళ్లి ముహూర్తం కూడా బాయిలరు పరీక్ష అయ్యేదాకా వాయిదా వేయించాడు. ఆ ఇంజన్నే చేసుకోమను, అని మెన్నా తండ్రి మండిపడ్డాడు. మెన్నాకి నవ్వొచ్చింది. అప్పట్లో నవ్వొచ్చింది.

పెళ్లయ్యాక వేసవి శనివారాలన్నీ ఒకే తీరుగా గడిచాయి. ఎండుద్రాక్ష వేసిన బారా బ్రిత్ రొట్టె కోసి డబ్బాలో సర్దుకుని, ఇద్దరు కూతుళ్లని వెంటేసుకుని మెన్నా పెట్టె ఎక్కేది. ముందు ఇంజన్లో బొగ్గు వేస్తూ ఎమ్లిన్ ఉండేవాడు. కొండమీది పై స్టేషన్లో రొట్టె ముక్క నిలబడే తినేవాడు, కళ్లేమో ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మీద. ఎండుద్రాక్ష ఎక్కువైందో తక్కువైందో కూడా చెప్పేవాడు కాదు. కూతుళ్లు పెద్దవాళ్లై వెళ్లిపోయినా మెన్నా ఒక్కతే ఎక్కుతూ వచ్చింది. విసుగు పుట్టదా అని ఎవరైనా అడిగితే, ఇంట్లో పనేముంది గనక, అనేది. ఇంట్లో పని కొండలా ఉండేది, అతని బొగ్గు బట్టలే రెండుసార్లు నానబెట్టాలి.

ఈ ఏడు వసంతంలో ఎమ్లిన్ కళ్లు మసకబారాయి. ఇక ఇంజను మీద నిలబడకూడదని డాక్టరు తేల్చేశాడు. ఎమ్లిన్ ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు, ఇంటికొచ్చి టోపీ కొయ్యకి తగిలించాడు, అంతే. ఆ రోజునుంచి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నడుస్తున్న గడియారానికి కీ ఇస్తాడు. వాన పడుతోందా అని తలుపు తీస్తాడు, పడుతుంటే ఎందుకు పడుతోందని గొణుగుతాడు. లైను వైపు మాత్రం తొంగి చూడలేదు. మధ్యాహ్నం బండి కూత వేసినప్పుడు లేచి కుళాయి తిప్పి, నీళ్లు ధారగా వదిలేస్తాడు. ఒక కెటిల్ ఉన్న ఇంట్లో ఇప్పుడు రెండు తయారయ్యాయి.

చిన్న కూతురు లౌరీ ఈ అవస్థ చూసి, పెళ్లిరోజుకి మీ ఇద్దరికీ రైలు ప్రయాణం నా కానుక, ఏ లైనో మీరే తేల్చుకోండి, అని ఫోన్లో చెప్పింది. సొంత లైను వద్దని మెన్నా అప్పుడే నిశ్చయించుకుంది. అక్కడైతే స్టేషనుకొకడు ఎమ్లిన్‌ని చెయ్యిపట్టి దించేస్తాడు, తన పక్కన మళ్లీ ఖాళీ సీటే మిగులుతుంది. పరాయి లైనైతేనే అతను ప్రయాణికుడిలా కూర్చుంటాడు.

ఇక మొదలైంది భాగోతం. సరస్సు పక్కన పోయే రైలు పేరెత్తితే, అది బాతులకి తోడు నడిచే బండి, ఎత్తూ పల్లమూ లేదు, దాన్ని చంటిపిల్లాడైనా తోలతాడన్నాడు. శిఖరం మీదికి పోయేదానికి పళ్ల చక్రాలున్నాయి, పళ్లతో పాకేదాన్ని రైలనకూడదన్నాడు. సముద్రం ఒడ్డుది బొమ్మ, పెట్టెలో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. ఆ మాట అన్నాక లేచి వెళ్లి కొట్టుగదిలో పనిముట్లు సర్దాడు, నిన్న సర్దినవే. మెన్నా ఉన్ని కండె పట్టుకుని రెండు వరసలు అల్లింది, విప్పింది. అతను వంకలు పెడుతున్నది రైళ్లకి కాదని, కూర్చోవడానికని, ఆమెకి తెలుస్తూనే ఉంది. వారం గడిచింది. లౌరీ మళ్లీ ఫోన్ చేస్తే మెన్నా ఇంక ఎవరినీ అడగలేదు. కొండకి అవతలి లోయ లైను పేరు చెప్పేసింది. ఎమ్లిన్ నలభై ఏళ్లుగా తిట్టిపోసిన లైను అది.

విన్నవెంటనే అతను ఒంటికాలి మీద లేచాడు.

"వాళ్ల ఇంజన్లకి తోమిన మొహం ఉంటుందా? నన్నక్కడ చూస్తే నలుగురూ ఏమనుకుంటారే?"

"నిన్నెవరూ చూడరు. నువ్వు ఇంజన్లో ఉండవు కదా," అంది మెన్నా. అన్నాక నాలుక కరుచుకుంది. అతను బూట్లు పాలిష్ చేసుకోవడానికి వెళ్లాడు.

పెళ్లిరోజు ఉదయం బయల్దేరేముందు అతని కోటుకున్న సొంత లైను గుర్తు బిళ్ల మెన్నా ఊడదీసి సొరుగులో పెట్టింది. బస్సులో అవతలి లోయకి చేరారు. స్టేషన్లో అతను ఇంజను చుట్టూ దూరంగా ఒక ప్రదక్షిణం చేసి, ఇత్తడి బానే తోమారు, అన్నాడు, ఎవరో మెడమీద కత్తిపెట్టి అనిపించినట్టు. ఇద్దరూ మూడో పెట్టెలో ఎదురెదురుగా ఉన్న సీట్ల దగ్గరికొచ్చారు. మెన్నా ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంది. ఎమ్లిన్ పక్కన కూర్చున్నాడు. బండి కదిలింది.

కూర్చోవడమా అది? ఇంజను ఊపిరి మారినప్పుడల్లా నడుం ఎత్తాడు. ఇప్పుడు బొగ్గు వెయ్యాలి, ఇప్పుడు కూడదు, అని లోలోపల గొణిగాడు. బూటు మడమ నేలమీద ఆడుతూనే ఉంది. ఎదుటి సీట్లో కుక్కని పెట్టుకుని కూర్చున్న ఆవిడ ఆ కాలునే చూస్తోంది, కుక్క కూడా చూస్తోంది. మెన్నా గొర్రెల్ని చూపించింది, వాగు చూపించింది. ఊఁ అన్నాడు. పక్కన మనిషున్నాడు గానీ మొగుడు లేడు. ఇందుకేనా ఇన్నాళ్లు ఎదురుచూశాను, అని ఆమెకి ఉక్రోషం ముంచుకొచ్చింది.

నడిమి స్టేషన్లో ఇంజనుకి నీళ్లు పట్టడానికి ఆగారు. బండి ఇంకా పూర్తిగా ఆగిందో లేదో, ఎమ్లిన్ తలుపు దగ్గరున్నాడు. కాళ్లు పట్టేశాయి, ఇప్పుడే వస్తానన్నాడు. కిటికీలోంచి మెన్నాకి అతని వీపు కనిపించింది, ఇంజను వైపు పోతున్న వీపు, తనకి బాగా అలవాటైన వీపు. అతను పక్కకి తిరిగితే కోటు మీద బిళ్ల తళుక్కుమంది. సొరుగులోంచి ఎప్పుడు తీశాడో. డ్రైవరు ఆ బిళ్లని చూసి కిందికి దిగి చెయ్యి కలిపాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. డ్రైవరు ఇంజనులోకి చెయ్యి చూపించాడు. అయిపోయింది, అనుకుంది మెన్నా. రొట్టె డబ్బా మూత బిగించింది.

ఎమ్లిన్ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మెన్నా, లే. ఇంజనెక్కమంటున్నాడు. ఒక్కరికే చోటుందట."

"ఎక్కు మరి. నన్నెందుకు అడగడం?"

"నేను కాదు, నువ్వు. మా ఆవిడ ఇన్నేళ్లుగా వెనకే కూర్చుంది, ముందునుంచి ఎప్పుడూ చూడలేదు, ఆమెని ఎక్కించుకో బాబూ అన్నాను. సరేనన్నాడు. లే, కోటు తీసెయ్, మసి అంటుద్ది."

ఆ మనిషి దగ్గర ఇవ్వడానికి అంతకన్నా పెద్దది లేదు, అది మెన్నాకి తెలుసు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు, అదీ తెలుసు. నీళ్ల గొట్టం పక్కకి తిప్పేశారు. ఇంజను బుస కొట్టింది.

"నాకు ఇంజనొద్దు ఎమ్లిన్," అంది. "నువ్వు నా పక్కన కూర్చోవడం కావాలి. దానికోసమే వచ్చాను. ఇన్ని లైన్లు వెతికింది దానికోసమే."

అతను తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంజను వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. కుక్క ఉన్న ఆవిడ కిటికీ వైపు తిరిగింది. చివరికి ఎమ్లిన్ డ్రైవరుకి చెయ్యి అడ్డంగా ఊపి, ఎక్కి, తలుపు వేసుకుని కూర్చున్నాడు.

అతని మడమ ఆడటం ఆగింది. బండి అడవి దాటి పాత గని ఉన్న కొండ కిందికి వచ్చింది. అక్కడ పట్టాలు ఎడమవైపుకి పెద్ద వంపు తిరుగుతాయి. పెట్టెలన్నీ వంగాయి. కిటికీలోంచి ఎదురుగా, వాళ్ల బండి ఇంజనే, పొగతో సహా మొత్తంగా కనిపించింది. ఇంజన్లో ఎడమపక్కన నిలబడి బొగ్గు వేసే ఫైర్‌మన్ పిల్ల తల బయటికి పెట్టి వెనక్కి చూసింది. అలవాటున మెన్నా చెయ్యి లేచింది, సగంలో ఆపుకుని ఒళ్లో పెట్టుకుంది.

ఎమ్లిన్ ఆ చెయ్యిని చూశాడు.

"ఇక్కణ్ణుంచి ఇంజన్లో మనిషి ఇంత బాగా కనిపిస్తాడా?" అన్నాడు.

"మన లైన్లో ఇంకా బాగా కనిపిస్తాడు. నువ్వు నిలబడేది ఎడమవైపేగా."

"అందుకని ఎప్పుడూ ఎడమవైపే కూర్చునేదానివా?"

"మరి ఎందుకనుకున్నావ్? వాగు చూడ్డానికా?"

"వంపు దగ్గర వెనక్కి చూడాలి, అది మా పని," అన్నాడు. "ప్రతిసారీ చూశాను మెన్నా. తలుపులన్నీ పడ్డాయా, చక్రాల దగ్గర పొగేమన్నా వస్తోందా, అదే చూశాను."

"తెలుసు."

"చెయ్యి ఊపేదానివా?"

"ప్రతిసారీ."

మెన్నా డబ్బా తీసి రొట్టె ముక్క అందించింది. అతను కూర్చుని, నెమ్మదిగా నమిలి, ఎండుద్రాక్ష సరిపోయింది, అన్నాడు. మెన్నాకి కిటికీ బయట కొండలు కాసేపు సరిగ్గా కనబడలేదు.

పై స్టేషను రాబోయేముందు మరో వంపు వచ్చింది, అదీ ఎడమవైపే. ఇంజను మళ్లీ కళ్లముందుకి వచ్చింది, ఫైర్‌మన్ పిల్ల మళ్లీ తల బయటపెట్టింది. ఈసారి మెన్నా కదల్లేదు. ఆమె మీదుగా కిటికీ వైపు వంగి ఎమ్లిన్ చెయ్యెత్తి ఊపాడు. ఆ పిల్ల చూపు ఒక్కొక్క తలుపు మీదినుంచీ జారుకుంటూ, వీళ్ల కిటికీ మీదినుంచి కూడా జారి, బండి చివరిదాకా పోయింది. తల లోపలికి లాగేసుకుంది. ఎమ్లిన్ చెయ్యి దించలేదు, వంపు అయిపోయేదాకా ఊపుతూనే ఉన్నాడు.