చిలుం రుచి

దోన్ నాబోర్‌తో రహస్యం మాట్లాడటం ఎవరివల్లా అయ్యేది కాదు. శాంతా క్లారాలో రాగి కొట్టే ఇంట పుట్టిన మగవాడికి యాభై దాటేసరికి చెవుల్లో ఏమీ మిగలదు. ఆయనకి అప్పటికి అరవై ఎనిమిది. ఎదురుగా నిలబడి గొంతు చించుకుంటేగాని మాట లోపలికి వెళ్ళేది కాదు. తన గొంతు ఎంత పైకి లేస్తోందో తనకి తెలియదు గనక ఆయనా అంతే గట్టిగా జవాబు చెప్పేవాడు. ఆయన పంటినొప్పి, అల్లుడి మీద కోపం, రాత్రి వచ్చిన కల, అన్నీ చౌకు అంతటికీ తెలుసు.

ఊరి బడిలో పాఠాలు చెప్పే నేను ఆయన్ని ఎక్కువగా ఆదివారాలే చూశాను. పదకొండు గంటల పూజ అయ్యాక, చౌకు వరండా కింద ఎవోదియా నడిపే కర్నీతాస్ దుకాణంలో, అంటే కొవ్వులో ఉడికిన పందిమాంసం అమ్మేచోట. దుకాణమంటే ఒక పొడుగాటి బల్ల, దాని వెంట ఒక బెంచీ, మాంసం కొట్టే మొద్దు, పొయ్యి మీద రాగి బాణలి. పంది తప్ప అక్కడ మరొకటి దొరకదు. ఎవోదియా తెల్లవారకముందే బాణలిలో కొవ్వు కరగబెట్టి ముక్కలు దింపేది. కండ ఎముకని తనంతట తాను వదిలేదాకా తెడ్డుతో కలుపుతూ ఉండేది. మొగుడు పోయినప్పుడు ఆ తెడ్డు ఆడదాని చేతిలో ఎన్నాళ్ళుంటుందిలే అన్నారు. పంతొమ్మిదేళ్ళయినా ఇంకా ఉంది.

ఆ బాణలిని నాబోరే నలుగురు మనుషుల్ని తోడు పెట్టుకుని కొట్టాడు. ఎవోదియా పెద్దకూతురి జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డదీ ఆయనే. ఆనాటినుంచి ఆమెకు ఆయన కొంపాద్రే, ఆయనకు ఆమె కొమాద్రే. మాలో ఆ వరస కలిశాక ఇక పోట్లాట ఉండకూడదు. తోబుట్టువులతోనైనా పోట్లాడతారు గాని కొంపాద్రేతో పోట్లాడరు.

జనం కండ అడుగుతారు, తోలు అడుగుతారు, పొట్ట, చెవి, పక్కటెముక అడుగుతారు. నాబోర్ ఏమీ అడిగేవాడు కాదు. బెంచీ చివర, బాణలికి దగ్గరగా కూర్చుని అరచెయ్యి బల్ల మీద ఆనించేవాడు. మొద్దు మీద కత్తి పడే దెబ్బ బల్లలోంచి ఆయన చేతికి తెలిసేది. "ఇవాళ తొందరలో ఉన్నారు కొమాద్రే" అనేవాడు, లేకపోతే "రాత్రి నిద్రలేదా ఏమిటి?" అనేవాడు. సగం కండ, కొంచెం తోలు, ఒక పక్కటెముక, పొట్టలోంచి ఒక్క ముక్క ఆయన ముందుకి వచ్చేవి. వేడివేడి మొక్కజొన్న రొట్టెలో పెట్టుకుని, నిమ్మచెక్క పిండి, పచ్చిమిర్చి పచ్చడి వేసుకుని కళ్ళు మూసుకుని నమిలేవాడు. భార్య లేదు. వారమంతా కూతురు ఒలీవా ఇంట్లో, అల్లుడి ఎదురుగా కూర్చుని పెట్టింది తినేవాడు. ఆదివారం ప్లేటు ఒక్కటే ఆయన సొంతం.

ఆ ఏడు ఈస్టర్ వెళ్ళాక ఆయన కాళ్ళు వాచాయి. పాత్స్‌క్వరోలో డాక్టరు పరీక్షలు చేయించి కిడ్నీలు చాలామటుకు పోయాయన్నాడు. ఉప్పు వద్దు, మాంసం వద్దు. శనివారం సాయంత్రం ఒలీవా మాంసం దుకాణాలు నాలుగింటికీ తిరిగి చెప్పింది. చివరికి ఎవోదియా దగ్గరికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"రేపటినుంచి నాన్నకి పెట్టకండి దోన్యా."

"ఒక్క ముక్క కూడానా?"

"ఒక్కదానితో ఆగే మనిషేనా ఆయన? మీకు తెలీదా? కాళ్ళు చెప్పుల్లో పట్టట్లేదు."

"మరి నేనేం చెప్పనే?"

"నా పేరు చెప్పండి. తిడితే నన్ను తిడతాడు."

"తిట్టడం కాదే అమ్మాయ్. ఆయనకి చెప్పడమంటే అరవాలి. ఊరంతా వింటుంది."

ఒలీవా నాన్న కూర్చునే బెంచీ చివర వైపు చూసింది. "అరవండి" అంది.

ఎవోదియా పెట్టనని మేరీమాత మీద ఒట్టు వేసింది. ఒలీవా వేయించుకుంది.

మర్నాడు నాబోర్ వచ్చి తన చోట కూర్చున్నాడు. ఎవోదియా రొట్టెలూ, ఉప్పు వేయని చిక్కుడుగింజల గిన్నే పెట్టింది.

"ఇదేంటి కొమాద్రే? తపస్సుకాలం వెళ్ళి నెల దాటింది."

"డాక్టరు వద్దన్నాడు కొంపాద్రే."

"ఆఁ?"

"డాక్టరు! మాంసం వద్దన్నాడు!"

వరసలో నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు. పాత్స్‌క్వరో బస్సు నడిపే ఫౌస్తో, నోట్లో ముక్కతోనే, "ఇంకొంచెం గట్టిగా చెప్పండి దోన్యా, డాక్టరుకి వినపడినట్టు లేదు" అన్నాడు. నలుగురు నవ్వారు.

నాబోర్‌కి మాట వినపడకపోయినా నవ్వు కనపడింది.

"వినపడలేదు" అన్నాడు.

ఎవోదియా మళ్ళీ అరిచింది. ఆమె మెడ నరాలు పొంగాయి.

"వినపడలేదు" అన్నాడు మళ్ళీ.

మూడోసారి ఆమె అరవలేదు. కత్తి మొద్దు మీద పెట్టి, కొవ్వు అంటిన చేతుల్ని తుడుచుకుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చేతిని చూశాడు. తర్వాత రొట్టె తుంచి చిక్కుడుగింజల్లో ముంచాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చాడు, అదే తిన్నాడు. మొదటివారం పక్కనున్నవాళ్ళు ఏమీ ఎరగనట్టు మాంసం తిన్నారు. రెండోవారం ఒకాయన ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి తిన్నాడు. ఆ తర్వాత బెంచీలో ఆయన వైపు సగం ఖాళీ అయిపోయింది. ఎవరూ మాట్లాడుకుని చేసింది కాదు. ఆయన కళ్ళముందు పక్కటెముక చీకడానికి ఎవరికీ మనసు రాలేదు, అంతే. నేనూ చదువుకుంటున్న పుస్తకం తీసుకుని అటు చివరికి జరిగాను. ఆయన్ని బాధపెట్టకూడదని జరిగానని అప్పుడు అనుకున్నాను. ఆయన చూపు తప్పించుకోవడానికే జరిగానని ఇప్పుడు రాస్తున్నాను.

జూలైలో ఒకరోజు దారిలో నన్ను ఆపాడు. బాగా చిక్కిపోయాడు. మొహం రంగు మారింది.

"మాస్టారూ, మీరు చదువుతారు కదా. ఒక్క ప్లేటు తింటే మనిషి చస్తాడని ఎక్కడైనా రాశారా?"

"అలా ఎక్కడా రాయరు దోన్ నాబోర్" అని అరిచాను.

"మరి తినకపోతే చావడని రాశారా?"

ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆగస్టులో రాగి తిరునాళ్ళు వచ్చాయి. ఆ వారం పై ఊళ్ళనుంచి జనం దిగుతారు. గిన్నెలు బేరమాడి, ఎండకి సోలిపోయి, వరండా కిందికి తిండికి వస్తారు. ఆదివారం ఎవోదియా ముందు వరస చర్చి మెట్లదాకా ఉంది. నాబోర్ కర్ర పట్టుకుని వచ్చాడు. జనం ఎక్కువవడంతో నేను ఆయన పక్కనే ఇరుక్కోవలసి వచ్చింది. ఆయన అరచెయ్యి ఎప్పటిలాగే బల్ల మీద ఆనించాడు. మణికట్టు ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఎవోదియా ఆ మణికట్టు చూసింది. చిక్కుడుగింజల గిన్నె తీసి పక్కన పెట్టేసింది.

"ఒట్టు వేసింది నేను, తప్పేదీ నేనే" అంది నాతో, గొంతు తగ్గించి. "ఫాదర్ దగ్గర నేనే చెప్పుకుంటాను."

సగం కండ, తోలు, పక్కటెముక, పొట్టముక్క. అన్నీ చిన్నచిన్నవి. ప్లేటు ముందుకి రాగానే నాబోర్ తల ఎత్తలేదు. రొట్టెలో పెట్టుకున్నాడు, నిమ్మ పిండాడు, కళ్ళు మూసుకున్నాడు. నమిలాడు. నమలడం ఆగిపోయింది.

"కొమాద్రే, బాణలి తోమలేదా? చిలుం రుచి వస్తోంది."

మెల్లగా అన్నాననే అనుకుని ఉంటాడు. చర్చి మెట్ల మీదున్నవాళ్ళు కూడా విన్నారు.

మా ఊళ్ళో ఒక వంటమనిషిని దొంగ అన్నా ఊరుకుంటుందేమో గాని, రాగికి చిలుం పట్టనిచ్చిందంటే ఊరుకోదు. అది తిన్నవాడికి విషమని పై ఊరివాళ్ళకీ తెలుసు. అన్నది చెవిటి ముసలాడే అయినా ఆ బాణలి కొట్టిన మేస్త్రీ. ఒకామె చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టేసింది. వరసలో వెనకున్నవాళ్ళు పక్క దుకాణం వైపు చూశారు.

ఎవోదియా మొహంలో నెత్తురు లేదు. "నిమ్మా ఉప్పూ పెట్టి రెండుసార్లు తోమాను" అంది. ఆయనకి వినపడేలా అరవలేదు.

నాబోర్ లేచి బాణలి దగ్గరికి వెళ్ళాడు. అప్పటికి సగం ఖాళీ అయింది. అంచు వెంట బొటనవేలు రాశాడు, లోపలి గోడ మీద కొవ్వు తుడిచి చూశాడు. కొత్తదానిలా ఎర్రగా ఉంది. తెడ్డుతో అడుగునుంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. మొహం ముడుచుకుంది. ఫౌస్తో నోటికి ఒక ముక్క అందించాడు.

"ఎలా ఉంది?"

ఫౌస్తో నమిలి, బొటనవేలు పైకెత్తాడు. "మా అమ్మ కూడా ఇంత బాగా వండలేదు, ఆవిడతో అనకండి."

నాబోర్ తిరిగొచ్చి ఉత్త రొట్టె తుంచి నమిలాడు. ఆగాడు. ఆ పక్కనే తాగేనీళ్ళ కుండ ఉంది, మట్టి కుండ. ముంత ముంచుకుని ఒక గుక్క తాగి, నీళ్ళని నోట్లోనే కాసేపు ఉంచుకున్నాడు. మింగాక ముంతలోకి చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఎవోదియా వైపు తిరిగి, నాలుక కొస మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు. అది ఆమె చూసింది, నేను చూశాను. మిగతావాళ్ళకి ఆయన వీపే కనపడింది.

కిడ్నీలు చెడినవాళ్ళకి నోట్లో లోహం రుచి తగులుతుందనీ, ముందు మాంసమే సహించకుండా పోతుందనీ ఆ సాయంత్రం నేను ఇంటివైద్యం పుస్తకంలో చదివాను. అంత రాగి మధ్య బతికినవాడు ఆ రుచిని బాణలి మీదికి నెట్టడంలో వింత లేదు.

నాబోర్ వరస వైపు తిరిగాడు. మొహం నిండా నవ్వు.

"మూడు నెలలుగా నాకు ఉప్పులేని చిక్కుడుగింజలు పెడుతోంది మా కొమాద్రే! ఇవాళ బదులు తీర్చుకున్నాను. ఈ బాణలి కొట్టింది నేను. నా బాణలికి చిలుమా?"

కొందరు నవ్వారు. "మీ కొంపాద్రేల సరసాల మధ్య మా కడుపులు మాడుతున్నాయి" అన్నాడు ఫౌస్తో. కాని ప్లేటు పెట్టేసిన ఆమె దాన్ని మళ్ళీ అందుకోలేదు.

"ముందు ఆయన్ని తిననీ" అంది పక్కామెతో. "చూద్దాం."

నాబోర్‌కి అది వినపడి ఉండదు. అర్థమైంది. బెంచీ మీద కూర్చుని, బల్లకి వీపు పెట్టి, వరసకి ఎదురుగా తిరిగాడు. ప్లేటు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది పిల్లలకి పెట్టేంత ఉంది. సరిగ్గా కొట్టండి కొమాద్రే."

ఎవోదియా కదల్లేదు. "వద్దు" అని పెదవులతోనే అంది.

"వినపడలేదు" అన్నాడు నాబోర్.

ఆమె కొట్టింది. ఆయన తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు, ఎప్పుడూ అలాగే మూసుకునేవాడు గనక. ఒక్కో ముద్ద మింగేటప్పుడు గొంతులో ముడి పైకి లేచి, అక్కడే ఆగి, కిందికి దిగేది. ఆయన ఎడమచెయ్యి నా వైపు ఉంది, మోకాలి మీద బట్టని పిడికిట్లో నలుపుతూ. నాలుగో రొట్టె దగ్గర ఆ ఆడమనిషి తన ప్లేటు అందుకుంది. వరస మళ్ళీ దగ్గరకి జరిగింది. ఆయన ఆరు రొట్టెలు తిన్నాడు. పక్కటెముకని శుభ్రంగా చీకాడు. ఆ ఆదివారం మాంసం మధ్యాహ్నం రెండుకే అయిపోయింది.

సాయంత్రానికి ఒలీవాకి తెలిసింది. దుకాణం ముందు నిలబడి, నలుగురూ వినేలా, మాట తప్పిన ఆడది అంది, హంతకురాలు అంది. ఎవోదియా తలవంచుకుని మొద్దు కడుగుతూనే ఉంది. నాబోర్ మళ్ళీ వరండా కిందికి రాలేదు. అక్టోబరు ఆఖరులో పోయాడు. ఎవోదియా సమాధి దగ్గరికి వస్తే ఒలీవా మొహం తిప్పేసుకుంది. ఈనాటికీ చౌకులో ఆమె ఎదురైతే దారి మార్చుకుంటుంది.

పదేళ్ళయింది. మొన్నొక ఆదివారం జనం పలచగా ఉన్నప్పుడు ఎవోదియాని అడిగాను, ఒలీవాకి జరిగింది ఎందుకు చెప్పవని.

"ఏం చెప్పను మాస్టారూ? మీ నాన్న నా దగ్గర ఆఖరుసారి తిన్నది మందు మింగినట్టు మింగాడు, నా కోసం మింగాడు అని చెప్పనా? కడుపారా తిన్నాడనుకుని నన్ను తిడుతోంది. తిట్టనీయండి."

ఎవరో వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. ఆమె కత్తి అందుకుని, కండా తోలా అని అడిగింది.